బత్తాయి సార్ చివరి వాక్యం

గుండేటి మల్లేశం గారు ఇక లేరన్న వార్త నాకు వారి ఇంటి నుంచి రాలేదు. బత్తాయిల బండి నుంచి వచ్చింది. ఆ ఆదివారం ఉదయం ఎనిమిది కావస్తుండగా ఫోన్ మోగింది. అవతల యాదగిరి. అమీర్‌పేటకు మెట్రో రాకముందు నుంచీ అక్కడ పండ్ల బండి పెట్టుకుని, ఇప్పుడు మెట్రో స్తంభం నీడలో నిలబడి అమ్ముకుంటున్నవాడు.

"అన్నా, సార్ ఇయ్యాల రాలే."

"రాకపోతే ఏంటి యాదగిరీ? ఆదివారం కదా, కాస్త ఆలస్యంగా లేచి ఉంటారు."

"గది కాదన్నా. రాలేదని నేనే ఇంటికి పోయిన. సార్ లేవలే. పోయిండు."

నిద్రలోనే గుండె ఆగిందట. డెబ్బై ఎనిమిదేళ్లు నిర్విరామంగా కొట్టుకున్న గుండె, ఒక్కసారి సెలవు చీటీ కూడా రాయకుండా వెళ్లిపోయింది. నలభై ఏళ్లు పత్రికా కార్యాలయంలో ఇతరుల వాక్యాలు కత్తిరించి పొట్ట పోసుకున్నవాణ్ని నేను. ఆ ఉదయం సొంత వాక్యం ఒక్కటీ దొరకలేదు. ఫోన్ పట్టుకుని "అలాగా, అలాగా" అంటూ ఉండిపోయాను. చివరికి యాదగిరే, "అలాగా ఏందన్నా, జల్ది రా" అని కసిరాడు.

వెళ్లాను. హాస్టళ్ల వెనక సందులో వారి ఇల్లు. గుమ్మంలో చెప్పులు విడుస్తుండగానే ఒక పెద్దమనిషి నా భుజం మీద చెయ్యి వేసి, గొంతు తగ్గించి అడిగారు. "గుండెపోటే కదండీ? మరి ఇన్నేళ్లు ఆ బత్తాయిల మీద పరిశోధన చేసి ఏం లాభం?" నేను నోరు తెరిచేలోగా పక్కనున్న ఇంకొకాయన అందుకున్నారు. "అది కాదండీ. పొద్దున్నే నిమ్మతొక్కల నీళ్లు తాగి ఉంటే వందేళ్లు బతికేవారు. మా గ్రూపులో వచ్చింది. ఈ సారే రాశారట!" ఒకే మనిషిని, ఒకే వాకిట్లో, ఒకే నిమిషంలో, బత్తాయి తిన్నందుకు ఒకరు, నిమ్మనీళ్లు తాగనందుకు ఒకరు దోషిని చేశారు. ఈ మాటలకు సార్ లేచి కూర్చుంటారేమోనని లోపలికి తొంగిచూశాను. లేవలేదు. అప్పుడు నమ్మాను, నిజంగానే పోయారని.

అందుకే ఈ నివాళి. ఆ మహనీయుడు ఏమన్నారో లోకానికి చెప్పాలి. అంతకన్నా ముఖ్యంగా, ఏమనలేదో చెప్పాలి. ఆయన అన్న ఒక వాక్యం మధ్యదారిలో ఎక్కడ పోయిందో తెలిసినవాణ్ని ఈ నగరంలో నేనొక్కణ్నే అనుకునేవాణ్ని. ఎందుకలా అనుకున్నానో చెప్పడానికి కొంచెం ధైర్యం కావాలి. అది కూడగట్టుకునేదాకా తక్కిన సంగతులు చెబుతాను.

సిరిసిల్లలో మగ్గం చప్పుడు జోలపాటగా పెరిగి, నగరంలోని ఒక ప్రభుత్వ కళాశాలలో మూడు దశాబ్దాలకు పైగా జీవరసాయన శాస్త్రం బోధించారు మల్లేశం గారు. విద్వత్తు అగాధం, నిరాడంబరత నిరుపమానం. సహనం మాత్రం, గురునింద అనుకోకపోతే, కొరత. ఇంటిపేరు గుండేటి, పరిశోధన గుండె మీద. ఇంట్లో ఇల్లాలు కమలమ్మ, ప్రయోగశాలలో బుట్టెడు కమలాలు. "పేరుబలం మస్తుగున్నదయ్యా నాకు, పేరే రాలేదు" అని నవ్వేవారు.

ఆయన దగ్గర నేను డిగ్రీ చదివాను. చదివాను అనడం ఆయన పట్ల అపచారం. నా ప్రయోగాల్లో రంగు మారవలసిన ద్రవం మారేది కాదు, మారకూడనిది మారేది. కొలతలు రాసేటప్పుడు చివరి అంకె వదిలేయడం నా అలవాటు. ఇంత చిన్నదానితో ఏం పని, అనుకునేవాణ్ని. ఆయన నా రికార్డు పుస్తకం పట్టుకుని, "ప్రసాద్, నువ్వు చివరిది ఎప్పుడూ వదిలేస్తవ్. ఒకనాడు గదే ఎవరికో అవసరం పడతది" అన్నారు. ఇరవై ఏళ్ల వయసులో ఇలాంటి మాటలు చెవిలోకి పోవు. పోయినా రెండో చెవిలోంచి జాగ్రత్తగా బయటికి వస్తాయి. శాస్త్రానికి మేలు చేసే ఉద్దేశంతో నేను శాస్త్రం వదిలి పత్రికలో చేరాను.

ఆయన పరిశోధన ఏమిటో రెండు ముక్కల్లో చెబుతాను. తప్పులుంటే అవి నావి. బత్తాయిని అడ్డంగా కోసి, తొక్క కింది తెల్లపొరను గోటితో మెల్లగా ఎత్తి, వెలుతురుకు పట్టి చూపేవారు. "చూడు, పడుగు, పేక. మా నాయిన నేసినట్టే ఉన్నది. గింత మంచి బట్ట పారేసి జనం రంగునీళ్లు తాగుతున్నరు." ఆ బట్టలోనే ఉన్నాయట అసలు సరుకులు, ఫ్లేవనాయిడ్లు. బత్తాయిలో, కమలాలో హెస్పెరిడిన్ అనేది ఒకటి. నారింజిన్ అని ఇంకొకటి. పేరు నారింజది, కాపురం ఎక్కువగా పంపరపనసలో. కొవ్వు మేపిన ఎలుకలకు వీటిని పెడితే కాలేయంలో కొవ్వు తగ్గడం, రక్తనాళాల లోపలి పొర మెత్తబడడం ఆయన కళ్లారా చూశారు. మనుషుల్లోనూ రక్తపోటు, కొలెస్టరాల్, చక్కెర విషయంలో కొంత మేలు కనబడుతోందని చెప్పేవారు. చెప్పి ఆగేవారు. ఆగి, "కానీ" అనేవారు. కానీ, అందరిలో కాదు. కానీ, మేలు చిన్నది. కానీ, ఎలుక మనిషి కాదు, మనిషి ఎలుక కాదు. ఆయన శాస్త్రమంతా ఆ 'కానీ'లో ఉంది. ఆయన కానీకి కానీ విలువ ఇచ్చినవాడు ఈ ఊళ్లో లేడు.

ఉద్యోగ విరమణ తర్వాత ఆయన ప్రయోగశాల యాదగిరి బండి అయింది. రోజూ ఉదయం ఏడున్నరకు వచ్చేవారు. స్టూలు మీద కూర్చుని ఒక బత్తాయి ఒలుచుకుని, తెల్లపొరతో సహా తినేవారు. చుట్టూ కంప్యూటర్ కోర్సులకు పరుగెత్తే పిల్లలు. చాలా ఉదయాలు నేనూ ఆయన పక్కన కూర్చునేవాణ్ని. ఒకరోజు అలాగే ఉన్నాను. ఒక అమ్మాయి జ్యూస్ అడిగింది. "భయ్యా, బాగా వడకట్టండి, చేదు రావొద్దు. షుగర్ ఎక్కువ వేయండి." సార్ ఉండబట్టలేకపోయారు.

"బిడ్డా, వడకట్టినంక మిగిలేది చక్కెరనీళ్లే. గాదానికి బత్తాయిని చంపుడెందుకు?"

"మీకేంటి అంకుల్ ప్రాబ్లం?"

"ముప్పై ఏండ్ల ప్రాబ్లం బిడ్డా."

"సార్, నా గిరాకీ ఖరాబ్ చెయ్యకుర్రి" అని యాదగిరి బతిమాలుకున్నాడు. అమ్మాయి చక్కెరనీళ్లు తాగి, క్లాసుకు పోయింది. పిప్పి బకెట్‌లో పడింది. ఆ బకెట్ వైపు సార్ చూసిన చూపు, మగ్గం అమ్ముకున్నవాడు ఖాళీ మూల వైపు చూసే చూపు.

ధైర్యం కొంత వచ్చింది. ఇక చెబుతాను.

రెండేళ్ల కిందట, నేనింకా ఉద్యోగంలో ఉండగా, మా పత్రిక ఆరోగ్య పేజీకి వ్యాసం రాసిమ్మని సార్‌ను అడిగాను. నెలరోజులు తీసుకుని, గుండ్రటి దస్తూరీతో రాసిచ్చారు. బత్తాయి తెల్లపొర, నిమ్మతొక్క, అందులో ఉన్న పదార్థాలు, వాటి వల్ల గుండెకు, మధుమేహానికి కలగగల మేలు, అన్నీ. అన్నీ అయ్యాక చివరి వాక్యంలో అసలు మాట పెట్టారు. పత్రికల్లో ఒక ఆచారం ఉంది. స్థలం చాలకపోతే వ్యాసాన్ని కింది నుంచి కోస్తారు. విలేకరి ముఖ్యమైన సంగతి పైన రాస్తాడు, కిందికి పోయేకొద్దీ నీళ్లు కలుస్తాయి. అందుచేత కింది భాగం పోయినా ఎవరూ ఏడవరు. శాస్త్రవేత్త దీనికి తలకిందులు. చేసిందంతా వరసగా చెప్పుకొచ్చి, తేలినదాన్ని చివర పెడతాడు. ఆరోజు పేజీ అడుగున ఒక చేనేత చీరల ప్రకటన వచ్చి పడింది. మూడు పంక్తులు ఎక్కువయ్యాయి. కాళ్లే కదా అనుకుని కోశాను. కోసింది గుండెను. గోలీలు మానవద్దన్న హెచ్చరిక ఆ మూడు పంక్తుల్లోనే ఉంది.

పేపరు వచ్చిన ఉదయమే ఫోన్.

"ఏమయ్యా ప్రసాద్, నా వాక్యమేది?"

"ఏ వాక్యం సార్?"

"ఆఖరుది."

"స్థలం చాలలేదట సార్. చీరల ప్రకటన వచ్చిందట. డెస్క్‌లో ఎవరో..."

"మా చేనేతోళ్ల చీరలే నా వాక్యం తిన్నయా? సరే. డెస్క్‌ల ఎంతమంది ఉంటరు?"

"చాలామందే ఉంటారు సార్."

ఆ పేజీకి డెస్క్ అంటే నేను, ఒక టేబుల్ ఫ్యాను. ఫ్యాను మీద తోసేయడం బాగుండదని ఎవరో అన్నాను. తర్వాతి వారం 'సవరణ' అని ఒక మూల వేయించాను. కానీ అచ్చయిన వ్యాసాన్ని జనం కత్తిరించి దాచుకుంటారు. సవరణను దాచుకున్నవాడు ఈ భూమండలం మీద ఇంకా పుట్టలేదు.

ఆ తర్వాత జరిగింది అమీర్‌పేటలో అంతా ఎరుగుదురు. వ్యాసం ఫోన్లలోకి ఎక్కింది. తెగినచోట బల్లికి తోక మొలిచినట్టు కొత్త వాక్యాలు మొలిచాయి. "ఇక బీపీ మాత్రలు అక్కర్లేదు, ప్రముఖ శాస్త్రవేత్త మల్లేశం." "షుగర్‌కు సెలవు, మల్లేశం." ఆయనకు రోజంతా ఫోన్లు. ఒకాయన, "సార్, ఎన్ని నిమ్మతొక్కలు తింటే ఒక బీపీ గోలీకి సమానం?" అని అడిగితే, "ఎన్ని ఇడ్లీలు తింటే ఒక హెల్మెట్‌కు సమానమో గన్ని" అని పెట్టేశారట. ఆయన విసుగు చూసి లోకం గర్విష్ఠి అనుకుంది. ఒకే అబద్ధాన్ని వందసార్లు కాదనవలసి వచ్చిన మనిషి నూటొకటోసారి చిరునవ్వుతో కాదనలేడు. ఆ నూటొకటోవాళ్లే ఆయన్ను చూసి వెళ్లారు.

ఇవన్నీ భరించారు. భరించలేనిది ఒక్కటే, యాదగిరి. అతనికి బీపీ ఉంది. బోరబండలో ఇంటి దగ్గరి బస్తీ దవాఖానలో మాత్రలు తీసుకునేవాడు. సార్ వ్యాసాన్ని ఫొటోతో సహా కత్తిరించి, లామినేషన్ చేయించి, బండికి వేలాడదీశాడు. మాత్రలు ఆపేశాడు.

"నువ్వే రాసినవ్ సార్. పేపర్ల వచ్చింది. మందు నా బండి మీదనే ఉన్నది. ఇంక గోలీలెందుకు?"

"నేను గట్ల రాయలేదురా. ఆఖరు లైన్ పోయింది. తర్వాత సవరణ సుత ఏసిండ్రు."

"గన్ని లైన్లు ఉండి గదొక్కటే పోతదా సార్? నువ్వు డాక్టర్లకు భయపడి మాట మారుస్తున్నవ్."

సార్ అప్పుడు నాతో అన్న మాట నా గుండెలో ముల్లులా ఉండిపోయింది. "ప్రసాద్, ఎలుకలకు సుత నేను తెలియకుండ ఏదీ పెట్టలేదు. యాదగిరికి ఏమన్న అయితే గది నా పేరు మీదనే అయితది." అది మీ పేరు మీద కాదు సార్, నా పేరు మీద అని చెప్పడానికి అంతకన్నా అనువైన క్షణం ఉండదు. నేను బత్తాయి ఒలుచుకుంటూ కూర్చున్నాను.

అప్పటినుంచి ఆ వృద్ధుడు ఒక వ్రతం పట్టారు. తన మాత్ర ఇంట్లో వేసుకోవడం మానేసి, వారంరోజుల గళ్లున్న డబ్బా జేబులో పెట్టుకుని బండి దగ్గరికి వచ్చేవారు. బత్తాయి తిని, యాదగిరి ఎదుటే మాత్ర వేసుకుని, నీళ్లు తాగి, చిన్నపిల్లాడిలా నాలుక చాపి చూపించేవారు. "చూసినవా? బత్తాయి మీద పుస్తకమంత రాసినోణ్ని, నేనే మింగుతున్న." యాదగిరి తల ఊపేవాడు. "నువ్వు పెద్దోనివి సార్, నీకు జరూరత్. నాకు మస్తుగున్నది." ఎండకు, వానకు తప్పని ఈ నాటకం రెండేళ్లు నడిచింది. ప్రేక్షకుడు ఒక్కడే. ఆ ఒక్కడూ నమ్మలేదు.

ఆయన నిజాయితీకి ఇంకో సంగతి. పంపరపనస అంటే ఆయనకు ప్రాణం. కొలెస్టరాల్‌కు ఒక మాత్ర మొదలైన రోజునుంచి దాన్ని ముట్టలేదు. ఆ పండులోని కొన్ని పదార్థాలు అలాంటి కొన్ని మాత్రలు ఒంట్లో అరిగిపోకుండా అడ్డుపడి, మోతాదు మించినట్టు చేస్తాయట. ఎవరో ప్రేమగా తెచ్చి పెడితే ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి తిరిగి ఇచ్చేశారు. "మంచిదే, కానీ" అన్నారు. అంత ఇష్టమైనదాని పక్కన కూడా కానీ పెట్టగలిగినవాడు నాకు తెలిసినంతలో ఆయనొక్కరే.

పంజాగుట్ట శ్మశానవాటికకు శిష్యులు, సహోద్యోగులు, ఎలుకలు తప్ప అందరూ వచ్చారు. యాదగిరి సంచినిండా బత్తాయిలు తెచ్చాడు. లోపలికి నడుస్తూ నడుస్తూ దారిలో గట్టు మీద కూలబడ్డాడు. ముఖం చెమట. "జర కండ్లు తిరుగుతున్నయన్నా. ఏం కాదు, ఎండ." ఎండ లేదు. మబ్బు పట్టి ఉంది. ఒకే రోజు ఇద్దరిని అక్కడికి తీసుకురావలసి వస్తుందేమోనని భయపడ్డాను. నీళ్లు తాగించి, అతను లేచేదాకా పక్కనే కూర్చున్నాను. అప్పుడూ చెప్పలేదు. చావు దగ్గర చెప్పే మాట కాదని నన్ను నేను సమాధానపరచుకున్నాను. పిరికివాడికి సందర్భశుద్ధి ఎక్కువ.

పదకొండో రోజు భోజనాలయ్యాక కమలమ్మ గారు నన్ను లోపలికి పిలిచారు. సార్ మాత్రల డబ్బా బల్ల మీద ఉంది. ఆదివారం గడి మూసి ఉంది. శనివారం దాకా ఖాళీ.

"అమ్మా, ఒక విషయం..." అని మొదలుపెట్టాను.

"గా పేపర్ సంగతేనా?" అన్నారావిడ. "మా సారుకు ఎర్కనే. పేపర్ చూసిననాడే అన్నరు. 'ప్రసాదే కోసిండు, ఆఖరుది వదిలేసుడు వానికి డిగ్రీలనే అలవాటు' అన్నరు. అడగకపోయినరా అంటే, 'వద్దు, సిగ్గుపడతడు. వాడే చెప్తడు' అన్నరు."

రెండేళ్లు. రోజూ ఉదయం నా పక్కనే కూర్చుని, నేను చెబుతానని ఎదురుచూశారన్నమాట. యాదగిరిని తొందరపెట్టారు, నన్ను పెట్టలేదు. అందరి మీదా విసుక్కున్న మనిషి విసుక్కోవలసిన ఒక్కడి మీద విసుక్కోలేదు. అదేం లెక్క సార్? మీ మీద నాకు ఇప్పుడు పట్టరాని కోపంగా ఉంది.

మర్నాడు ఏడున్నరకు బండి దగ్గరికి వెళ్లాను. స్టూలు ఖాళీగా ఉంది. కూర్చోబుద్ధి కాలేదు.

"యాదగిరీ, సార్ చెప్పింది నిజం. ఆఖరు లైన్ ఉండేది. దాన్ని కోసింది నేను."

అతను బత్తాయిలు పేర్చడం ఆపాడు. "నువ్వా?"

"నేనే. చీరల ప్రకటనకు జాగా కావాల్సి వచ్చింది."

"రెండేండ్లు సార్ మొత్తుకుంటుంటే పక్కకే కూసున్నవ్ గదన్నా! ఒక్క మాట అంటే నీ నోట్లె ముత్యాలు రాల్తయా? నేను సార్‌ను అబద్ధాలకోరన్న. మొఖం మీదనే అన్న!" బత్తాయి ఒకటి నా వైపు విసరబోయి, మళ్లీ గుట్టలో పెట్టాడు. తర్వాత లామినేషన్ కాగితం విప్పి నా చేతికిచ్చాడు. "రాయి. గా లైన్ ఎట్లుండెనో గట్లనే రాయి."

చెరగని స్కెచ్ పెన్ను తెచ్చాను. ఇప్పుడూ కింద స్థలం లేదు. శీర్షిక పైన, సార్ ఫొటో తల మీదుగా, ఆ వాక్యం రాశాను. యాదగిరి వేలు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. తాడు కట్టి వేలాడదీసి, బండిని పక్క బండివాడికి అప్పజెప్పాడు. "నడువ్. దవాఖానకు."

బస్తీ దవాఖానలో నర్సమ్మ పట్టీ బిగించి, చూసి, మళ్లీ బిగించి చూసింది. "రెండేండ్ల సంది ఏం చేస్తున్నవయ్యా?"

"పేపర్ చదువుతున్న మేడం" అన్నాడు యాదగిరి, నా వైపు చూస్తూ.

ఇప్పుడతను మళ్లీ మాత్రలు వేసుకుంటున్నాడు. ఏడున్నరకే, బండి దగ్గరే. వేసుకుని నాలుక చాపి చూపిస్తాడు. చూడవలసిన మనిషి లేరు. అందుకని నాకు చూపిస్తాడు. నేను చూశానన్నట్టు తల ఊపుతాను. నా జీవితంలో ఇంత పెద్ద బాధ్యత నాకెవరూ ఇవ్వలేదు.

గురువుగారూ, మీలాంటి నిష్కళంక సత్యనిష్ఠులు ఈ తొందరపాటు కాలంలో మళ్లీ పుట్టరు. పుట్టినా, వారి 'కానీ' దాకా ఆగి వినేవాళ్లు ఉండరు. మీ ఖాళీ స్టూలు మీద కూర్చోగల అర్హత ఎవరికీ లేదు, నాకసలే లేదు. మీ పాదాలకు ఆలస్యపు నమస్కారం.

ఈ వ్యాసాన్ని పేజీలో పెట్టే సోదర సంపాదకులకు ఒక విన్నపం. నిడివి ఎక్కువైతే నిరభ్యంతరంగా కోయండి, కానీ పైనుంచి కోయండి. నా బాధ పోయినా ఫరవాలేదు, నా చమత్కారాలు పోతే ఇంకా మంచిది. ఈ కింది వాక్యం నాది కాదు. మల్లేశం గారిది. ఇది ఉండాలి:

"బత్తాయిని తెల్లపొరతో సహా తినండి, గుండెకు మంచిదే, కానీ అది మీ మాత్రకు తోడే తప్ప బదులు కాదు కాబట్టి, డాక్టరు చెప్పనిదే ఒక్క మాత్ర కూడా మానకండి."